ఆఫ్రికా జైళ్ళలో చెరసాల పరిచర్య: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

వందనాలు అండి. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు, తొమ్మిదేళ్ళుగా ఉగాండాలో, కంపాలాలో అకౌంట్స్ పని చేసుకుంటున్నా. ఇక్కడ నేను వెళ్ళే సంఘంలో ఒక జైలు టీమ్ ఉంది, వాళ్ళతో కలిసి నెలకి రెండు శనివారాలు జైలుకి వెళ్తుంటా. ఊరికి వచ్చినప్పుడు, వాట్సాప్‌లో, సంక్రాంతికి చుట్టాలింట్లో కూడా అవే ప్రశ్నలు అడుగుతున్నారు, కొంతమంది ప్రేమగా, కొంతమంది అనుమానంగా. ఎవరు ఎలా అడిగినా జవాబు చెప్పాల్సిన ప్రశ్నలే, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నా. ఆఫ్రికా అంటే 54 దేశాలు, ఒక దేశం జైలు ఇంకో దేశం జైలులా ఉండదు, కాబట్టి ఇక్కడ రాసేది ఎక్కువగా ఉగాండా, రువాండా గురించి, కొంచెం మలావీ, కెన్యా, కాంగో గురించి.

జైల్లో మిషనరీ పని అంటే ఏంటి? వాక్యం చెప్పి, ప్రార్థన చేసి వచ్చేయడమేనా?

వాక్యం ఉంటుంది, కానీ రోజంతా చూస్తే అది అరగంట. మిగతా టైమంతా వినడమే. పొద్దున్నే గేటు దగ్గర ఫోను, బెల్టు, పర్సు అన్నీ ఇచ్చేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, లోపలికి తెచ్చిన ప్రతి సంచీ వార్డర్‌కి విప్పి చూపించాలి. ఇక్కడ వార్డర్‌ని "అఫాండే" అని పిలుస్తారు, మన దగ్గర "సార్" అన్నట్టు. తర్వాత సబ్బు. ఇక్కడ సబ్బు మూర పొడుగు కడ్డీలా వస్తుంది, బట్టలకీ ఒంటికీ అదే. కత్తి లోపలికి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి గట్టి దారం రెండు చేతులకి చుట్టుకుని కడ్డీ మీద పెట్టి లాగుతాం, జున్ను తెగినట్టు తెగుతుంది. మనిషికి నాలుగు వేళ్ళ ముక్క. ఒక పెద్దాయన ఆ ముక్క తీసుకుని ముందు వాసన చూస్తాడు, కళ్ళు మూసుకుని, చాలాసేపు. ఎందుకు అని ఎప్పుడూ అడగలేదు, అడగాల్సిన అవసరం లేదనిపించింది.

ఆరాధన మొదలైందంటే ఇంక చూడాలి. డోలు లేకపోతే పసుపుపచ్చ నీళ్ళ డబ్బా ఒకటి బోర్లించి అరచేత్తో కొడతారు, ఇద్దరు గొంతు ఎత్తుకుంటారు, వంద మంది అందుకుంటారు. పాట అయ్యాక మాలో ఒక్కొక్కరి చుట్టూ పదిమంది కూర్చుంటారు, ఒకడి కేసు ఏడాదిగా పిలవలేదు, ఒకడి భార్య వేరే ఊరు వెళ్ళిపోయింది, ఒకడి కాలు మీద పుండు తగ్గట్లేదు. ఇవన్నీ కాగితం మీద రాసుకుని, జైలు ఆఫీసులో చూపించి, బయటికి వచ్చాక ఒక్కోటి పట్టుకుని తిరగాలి. అసలు పరిచర్య ఆ కాగితమే అని నా నమ్మకం.

లోపల పరిస్థితి ఎలా ఉంటుంది?

ఇరుకు. ఉగాండాలో జైళ్ళు పట్టాల్సిన మందికి మూడు రెట్లకి పైనే ఉన్నారు, రాత్రిపూట ఒకరు తిరిగితే వరసంతా తిరగాల్సిందే. తిండి పోషో, బీన్స్, అంతే. పోషో అంటే తెల్ల మొక్కజొన్న పిండితో చేసే గట్టి ముద్ద, మన సంకటి లాంటిదే కానీ పక్కన పులుసు, పచ్చిమిరపకాయ ఏమీ ఉండవు. మలావీ జైళ్ళలో అదే ముద్దని న్సిమా అంటారు, చాలాచోట్ల రోజుకి ఒక్కపూటే పెడతారు, పక్కన కందులో బీన్సో ఉడకబెట్టి ఇస్తారు.

ఇరుకు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది రిమాండ్. ఉగాండా జైళ్ళలో దాదాపు సగం మందికి ఇంకా శిక్ష పడలేదు, అంటే నేరం రుజువు కాలేదు. మన దగ్గరా అండర్ ట్రయల్ ఖైదీలే ఎక్కువ కదా, కాబట్టి మనకి ఇది అర్థం కానిది కాదు. కోడిని దొంగిలించాడని వచ్చినవాడు, పొలం గట్టు గొడవలో అన్నదమ్ముడే కేసు పెడితే వచ్చినవాడు, బెయిలుకి పూచీకత్తు ఇచ్చే మనిషి దొరక్క నెలలకి నెలలు ఉండిపోతాడు.

నేరం చేసినవాళ్ళకి ఇదంతా ఎందుకండీ, బయట పేదవాళ్ళు లేరా?

ఈ ప్రశ్న మా అమ్మే అడిగింది మొదట. సగం మంది నేరం రుజువు కానివాళ్ళే అని పైన చెప్పాను, అది ఒక జవాబు. కానీ ఆ జవాబు చాటున దాక్కోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే మిగతా సగంలో నిజంగా చంపినవాళ్ళు ఉన్నారు, పిల్లల్ని పాడుచేసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పక్కన కూడా మేం కూర్చుంటాం. మత్తయి 25లో ప్రభువు "చెరసాలలో ఉంటిని" అన్నప్పుడు ఏ కేసులో అని చెప్పలేదు. మన కొత్త నిబంధనలో పౌలు పత్రికలు కొన్ని జైలు నుంచి వచ్చినవే, ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు అర్ధరాత్రి పాడిన సంగతి ఆదివారం బడి పిల్లలకి కూడా తెలుసు. మనం అభిమానంగా చదువుకునే మాటలు ఖైదీలు రాసినవి, ఖైదీల దగ్గరకి మాత్రం వెళ్ళం అంటే ఎలా?

ఇంకో మాట, బాధితుల్ని వదిలేసి నేరస్తుల్ని చూసుకోవడం పరిచర్య కాదు. అది కింద రువాండా దగ్గర వివరంగా రాశాను.

ఇది తెల్లవాళ్ళు మొదలుపెట్టిందేగా?

సగం అవును. అసలు ఎత్తైన గోడలు కట్టి మనుషుల్ని ఏళ్ళ తరబడి లోపల పెట్టే పద్ధతే ఆఫ్రికాలో చాలాచోట్ల వలస పాలనతో వచ్చింది. కంపాలా పక్కన, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న లుజిరా జైలు బ్రిటిష్ వాళ్ళు 1920ల్లో కట్టిందే. జైలుతో పాటు చాప్లిన్, అంటే జైలు పాస్టరు కూడా వచ్చాడు.

ఆ చరిత్రలో దాచుకోకూడని భాగం కూడా ఉంది. కెన్యాలో 1952 తర్వాత బ్రిటిష్ పాలన మీద మౌ మౌ తిరుగుబాటు జరిగినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం వేలాది మంది కికుయు తెగ జనాన్ని డిటెన్షన్ క్యాంపుల్లో పెట్టింది, అక్కడ కొట్టారు, హింసించారు, 1959లో హోలా క్యాంపులో 11 మందిని కొట్టి చంపారు. ఆ క్యాంపుల్లో "బాగుచేయడం" అనే పేరుతో జరిగిన కార్యక్రమంలో సంఘాల మనుషులూ ఉన్నారు, ప్రసంగాలు చెప్పారు, మౌ మౌలో చేరేటప్పుడు చేసిన ప్రమాణం ఒప్పుకోండి అని అడిగారు. కొంతమంది మిషనరీలు ఆ హింసని చూసి నోరు విప్పారు, చాలామంది విప్పలేదు. 2013లో బ్రిటిష్ ప్రభుత్వం విచారం తెలిపి 5,228 మందికి నష్టపరిహారం ఇవ్వడానికి ఒప్పుకుంది. జైలు పరిచర్య చేసే ఎవరైనా ఈ సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే లాఠీ పట్టుకున్నవాడి పక్కన నిలబడి బైబిలు చదివితే వినేవాడికి రెండూ ఒకటే అనిపిస్తాయి.

ఇంకో సగం మాత్రం ఆఫ్రికావాళ్ళదే. సైమన్ కింబంగు పేరు మన సంఘాల్లో ఎంతమందికి తెలుసో! కాంగోలో 1921లో కొద్ది నెలలు మాత్రమే సువార్త చెప్పాడు, జనం తండోపతండాలుగా వచ్చారు, బెల్జియం పాలకులు భయపడి మరణశిక్ష వేశారు, తర్వాత రాజు దాన్ని యావజ్జీవంగా మార్చాడు. 30 ఏళ్ళు ఎలిజబెత్‌విల్ జైల్లో ఉండి 1951 అక్టోబరులో అక్కడే చనిపోయాడు. బయట ఆయన పేరు మీద లక్షల మంది ఉన్న సంఘం పుట్టింది.

ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు?

ఎక్కువగా ఆ దేశాల వాళ్ళే. ప్రభుత్వ జీతం మీద ఉండే చాప్లిన్లు ఉన్నారు, కేథలిక్, ఆంగ్లికన్, పెంతెకొస్తు సంఘాల టీములు ఉన్నాయి. ప్రిజన్ ఫెలోషిప్ అనే సంస్థ చాలా ఆఫ్రికా దేశాల్లో ఉంది. దాన్ని మొదలుపెట్టిన చార్లెస్ కోల్సన్ అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ దగ్గర పెద్ద సలహాదారు, వాటర్‌గేట్ గొడవలో 1974లో ఏడు నెలలు జైల్లో ఉన్నాడు, బయటికి వచ్చి 1976లో సంస్థ పెట్టాడు, 1979లో అది అంతర్జాతీయంగా మారింది. రోమ్‌లో పుట్టిన సాంత్ ఎజీదియో కేథలిక్ సమాజం వాళ్ళు కూడా ఆఫ్రికా జైళ్ళలో కనిపిస్తారు, క్రిస్మస్ భోజనం పెడతారు, చిన్న జరిమానా కట్టలేక మగ్గిపోతున్నవాళ్ళకి ఆ డబ్బు కట్టి బయటికి తెస్తారు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇంకోటి. మేం వెళ్ళకముందే లోపల సంఘం ఉంది. ఖైదీల్లోనే పాస్టరు, పెద్దలు, పాటల గుంపు, రోగుల్ని చూసుకునేవాళ్ళు. శనివారం మేం అతిథులం, మిగతా రోజులన్నీ మోసేది వాళ్ళు.

రువాండా గురించి చెప్పండి. చంపినవాళ్ళూ బాధితులూ ఒకే ఊళ్ళో ఉంటున్నారంట, నిజమేనా?

నిజమే, కానీ మన వీడియోల్లో చూపించినంత తేలిగ్గా జరగలేదు.

1994 ఏప్రిల్ నుంచి వంద రోజుల్లో ఎనిమిది లక్షల పైగా మనుషుల్ని, ఎక్కువగా టుట్సీ తెగవాళ్ళని చంపేశారు. చంపింది సైన్యం ఒక్కటే కాదు, పక్కింటివాళ్ళు, అదే బావి నీళ్ళు తాగినవాళ్ళు, అదే చర్చిలో ప్రార్థన చేసినవాళ్ళు. తర్వాత అరెస్టులు మొదలయ్యాయి, 90ల చివరికి లక్షా ఇరవై వేల మంది దాకా జైళ్ళలో ఉన్నారు. గితరామా జైలు కొన్ని వందల మంది కోసం కట్టింది, 1995 నాటికి అందులో దాదాపు 7,000 మంది. పడుకోవడానికి కాదు కదా కూర్చోవడానికి చోటు లేక, తడి నేల మీద నిలబడి నిలబడి కాళ్ళు కుళ్ళిపోయాయి. మామూలు కోర్టుల్లో ఈ కేసులన్నీ తేలాలంటే వందేళ్ళు పట్టేది, అందుకే ఊరి రచ్చబండ లాంటి గచాచా కోర్టులు పెట్టారు, 2002లో మొదలై 2012 జూన్‌లో ముగిశాయి, దాదాపు ఇరవై లక్షల కేసులు చూశాయి.

ఆ టైములో ప్రిజన్ ఫెలోషిప్ రువాండా వాళ్ళు జైళ్ళలో ఒక కార్యక్రమం నడిపారు, పేరు ఉమువుము చెట్టు. లూకా 19లో జక్కయ్య ఎక్కింది మన బైబిల్లో మేడిచెట్టు కదా, రువాండాలో ఆ జాతి చెట్టు ఉమువుము. జక్కయ్య కథని ఎందుకు తీసుకున్నారో చూడండి. చెట్టు దిగాక జక్కయ్య "నన్ను క్షమించండి" అని ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఈ కార్యక్రమంలో కూడా పద్ధతి అదే. ముందు నిజం చెప్పాలి, ఎవరిని చంపావు, శవం ఎక్కడ పడేశావు. ఇక్కడే చాలామందికి గొంతు పెగలదు. ఎందుకంటే బతికున్నవాళ్ళకి కావాల్సింది మన ఏడుపు కాదు, వాళ్ళ తల్లి ఎముకలు ఎక్కడున్నాయో, వెళ్ళి తెచ్చుకుని మర్యాదగా మట్టి చేసుకోవాలి. నేరస్తుడు నోరు విప్పితేనే ఆ కుటుంబానికి ఆ చోటు తెలిసేది.

2003లో ప్రభుత్వం నేరం ఒప్పుకున్న వేలాది మందిని విడుదల చేసింది, వాళ్ళు తిరిగి అదే ఊళ్ళకి వెళ్ళాలి, ఊళ్ళో బతికినవాళ్ళు వణికిపోయారు. అప్పుడు సయోధ్య గ్రామాలు అని కొన్ని కట్టారు, బుగెసెరా జిల్లాలోని మ్బ్యో అందులో ఒకటి. విడుదలైనవాళ్ళు, బతికినవాళ్ళు కలిసి ఇటుకలు చేసి ఇళ్ళు కట్టుకుని, పక్కపక్కన ఉంటున్నారు. ఈ పని వెనకున్న బిషప్ దెయో గషగజా కూడా టుట్సీనే, ఆయన బంధువుల్ని కూడా చంపేశారు.

సంఘాలే ఆ నరమేధంలో తప్పు చేశాయి కదా, ఏ మొహం పెట్టుకుని జైలుకి వెళ్ళారు?

న్యాయమైన ప్రశ్న, తప్పించుకోను. న్యామతా, న్తరామా చర్చిల్లో ప్రాణం దక్కుతుందని దాక్కున్న వేలమందిని అక్కడే చంపారు, ఈరోజు ఆ చర్చిలు స్మారకాలుగా ఉన్నాయి. న్యాంగే చర్చిలో జనం లోపల ఉండగానే బుల్డోజర్‌తో కూల్చేశారు, ఆ పారిష్ ఫాదర్ అతనాజ్ సెరోంబాకి అంతర్జాతీయ కోర్టు 2008లో యావజ్జీవం వేసింది. అడ్వెంటిస్ట్ పాస్టరు ఎలిజఫాన్ న్తకిరుతిమానాకి పదేళ్ళ శిక్ష పడింది. 2017 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ రువాండా ప్రెసిడెంట్ ఎదుట సంఘం చేసిన పాపాలకి క్షమాపణ అడిగారు.

అంటే రువాండా జైలుకి వెళ్ళిన సంఘం పైనుంచి కిందకి చూసే స్థితిలో లేదు, ఖైదీల గులాబీ రంగు బట్టల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళలో తమ పెద్దలే ఉన్నారు. నాకైతే ఆ పరిచర్య అక్కడ నిలబడటానికి కారణం అదే అనిపిస్తుంది.

ఇంకోటి కూడా చెప్పాలి, బతికినవాళ్ళు అందరూ క్షమించలేదు. క్షమించనివాళ్ళని చూసి "ఇంకా దేవుణ్ణి తెలుసుకోలేదు" అనే మాట దయచేసి అనకండి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి క్షమించమని టైమ్ టేబుల్ ఇచ్చే హక్కు ఏ పాస్టరుకీ లేదు.

సబ్బు, అన్నం ఇచ్చి మతం మారుస్తున్నారు అంటారు, మీరేమంటారు?

అలా చేసేవాళ్ళు ఉంటే అది తప్పు, గట్టిగానే అంటాను. గోడల మధ్య ఉన్న మనిషికి కాదనే దారి ఉండదు. ఆకలిగా ఉన్నవాడి ముందు రొట్టె పెట్టి చెయ్యెత్తమంటే ఎత్తుతాడు, అది మారుమనస్సు ఎలా అవుతుంది? మా టీమ్‌లో పెద్దావిడ ఒకామె మొదటిరోజే నాకు నేర్పింది, సబ్బు ముందు ఇచ్చెయ్యాలి, ఆరాధనకి వచ్చినవాడికీ రానివాడికీ, ముస్లింకీ, ఏమీ నమ్మనివాడికీ. తర్వాత కూర్చునేవాళ్ళు కూర్చుంటారు. మొదట్లో సబ్బు తీసుకుని చాలామంది లేచి వెళ్ళిపోయేవాళ్ళు, నాకు మనసు చివుక్కుమనేది, ఇప్పుడు అనిపించట్లేదు.

చట్టం కూడా అదే చెబుతుంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న నెల్సన్ మండేలా నియమాల్లో 65వ నియమం ప్రకారం ఖైదీ తన మతపెద్దని కలవడానికి ఎవరూ అడ్డుపడకూడదు, అలాగే ఖైదీ వద్దంటే ఏ మతపెద్దా అతని మీద పడకూడదు. ముస్లిం ఖైదీల దగ్గరకి ఇమాములు వస్తారు, రంజాన్‌లో వాళ్ళ ఏర్పాట్లు వాళ్ళకి ఉంటాయి, మాకూ వాళ్ళకీ గేటు దగ్గర పలకరింపులు ఉన్నాయి. ఒకసారి మా దగ్గర మందులు మిగిలితే వాళ్ళకే ఇచ్చి వచ్చాం.

ఉరిశిక్ష పడ్డవాళ్ళని కలిశారా?

మా టీమ్ వెళ్ళేది మామూలు జైలుకి. కానీ ఉగాండాలో ఈ పరిచర్య అంటే ఎవరైనా ముందు చెప్పేది 1973 కబాలే సంగతి. నియంత ఇడి అమీన్ పాలించిన రోజులు, ముగ్గురు మనుషుల్ని కబాలే స్టేడియంలో జనం అందరి ముందు కాల్చి చంపాలని ఆర్డర్. బిషప్ ఫెస్టో కివెంగెరె వాళ్ళతో ఆఖరి మాట మాట్లాడటానికి పర్మిషన్ తీసుకుని మైదానంలోకి వెళ్ళాడు. ఏం చెప్పాలో తెలీక వెళ్తే వాళ్ళే ఈయన్ని ఓదార్చినట్టు మాట్లాడారట, జైల్లోనే క్రీస్తుని నమ్ముకున్నాం, ఇంట్లోవాళ్ళకి చెప్పండి అని. సంకెళ్ళున్న చేతులెత్తి జనానికి ఊపారు, తర్వాత తుపాకులు పేలాయి. ఈ సంగతి ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

లుజిరాలో ఆఖరిసారి ఉరితీసింది 1999లో, ఒకేసారి 28 మందిని. తర్వాత ఖైదీలే కోర్టుకి వెళ్ళారు, సుసాన్ కిగులా ఇంకా 416 మంది కలిసి వేసిన కేసులో 2009 జనవరిలో సుప్రీంకోర్టు, హత్య కేసు అనగానే తప్పనిసరిగా ఉరి వేయాలనే రూలు రాజ్యాంగానికి విరుద్ధం అంది, తీర్పు ఖరారై మూడేళ్ళు దాటినా ఉరి తీయకపోతే అది యావజ్జీవంగా మారుతుంది అంది. ఎంతోమంది మెడ మీదనుంచి తాడు తొలగిపోయింది. కిగులా జైల్లోనే లండన్ యూనివర్సిటీ లా కోర్సు చదివింది, తోటి ఆడవాళ్ళకి కాగితాలు రాసిపెట్టింది, 2016లో విడుదలైంది. ఖైదీలకి ఇలా లా చదివించింది ఆఫ్రికన్ ప్రిజన్స్ ప్రాజెక్ట్, ఇప్పుడు జస్టిస్ డిఫెండర్స్ అంటున్నారు. అది మిషనరీ సంస్థ కాదు, కానీ మా లాంటివాళ్ళం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ప్రార్థన చేస్తూనే బెయిల్ అప్లికేషన్ ఎలా రాయాలో నేర్పడం తక్కువ పని కాదు.

ఆడవాళ్ళ జైళ్ళలో పిల్లలు ఉంటారా?

ఉంటారు. ఉగాండాలో పాలు తాగే పిల్లల్ని తల్లి దగ్గర పద్దెనిమిది నెలల దాకా ఉంచుతారు, తర్వాత బయట ఎవరికైనా అప్పగించాలి. అప్పగించే రోజు ఉంటుంది చూడండి, మా టీమ్‌లో అక్కలు ఆ రోజు తప్పకుండా వెళ్తారు, ప్రార్థన పుస్తకం కూడా తీయరు, పక్కన కూర్చుంటారు అంతే. పంపాలనుకునేవాళ్ళు బైబిళ్ళకంటే ముందు శానిటరీ ప్యాడ్లు, పిల్లల బట్టలు గుర్తుపెట్టుకోండి.

నిజంగా మారతారా? శిక్ష తగ్గుతుందని నటిస్తారేమో?

కొందరు నటిస్తారు. మంచి పేరు వస్తే పని తేలిక అవుతుంది, రిపోర్టు బాగుంటుంది. ఎవరు నటిస్తున్నారో లోపలివాళ్ళకి మాకంటే బాగా తెలుసు, రాత్రంతా పక్కన పడుకునేది వాళ్ళే కదా. అందుకే బాప్తిస్మం లాంటి విషయాల్లో మా టీమ్ తొందరపడదు, లోపలి పెద్దల్ని అడుగుతుంది. ఒకతను ప్రతివారం కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పేవాడు, బ్యారక్‌లో మాత్రం చిన్నవాళ్ళ తిండి లాక్కునేవాడు, మాకు చెప్పింది లోపలి పాస్టరే. ఇంకొకతను నాలుగేళ్ళు ఒక్కసారి కూడా నోరు తెరవలేదు, కానీ టీబీ వచ్చిన మనిషికి రోజూ గిన్నె కడిగి పెట్టేవాడు.

లెక్కలు అడగొద్దు. "ఈ నెల ఎంతమంది రక్షణ పొందారు" అని ఊరి నుంచి ఒకాయన ప్రతిసారీ అడుగుతారు, ప్రేమతోనే అడుగుతారు, నేను మాత్రం ఆ అంకె రాయను.

మేం ఒక టీమ్‌గా వచ్చి పది రోజులు పరిచర్య చేయొచ్చా?

రావచ్చు, కానీ ముందు ఒక్కటి చెప్పనివ్వండి. ఒకసారి బయటి దేశం నుంచి ఒక గుంపు వచ్చింది, పేరు రాయను. రెండు గంటలు ఉన్నారు, పెద్ద గొంతుతో ప్రసంగం, అందరినీ వరసలో నిలబెట్టి టీషర్టులు ఇచ్చారు, మళ్ళీ వస్తాం మిమ్మల్ని మర్చిపోం అన్నారు. తర్వాతి ఏడాదంతా ఒక కుర్రాడు నన్ను అడిగేవాడు, వాళ్ళు ఎప్పుడొస్తారు అని. వాళ్ళు రాలేదు.

వాళ్ళని అనే ముందు నా సంగతి చెప్పాలి. మూడో ఏడు అనుకుంటా, ఒకతను వాళ్ళమ్మ నంబరు ఇచ్చి, నేను బతికే ఉన్నానని ఒక్క మాట చెప్పండి అన్నాడు. సరే అన్నా, కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నా, ఆ వారం ఆఫీసులో ఆడిట్, చొక్కా ఉతుక్కి వెళ్ళింది. తర్వాత మేం వెళ్ళిన శనివారం దూరం నుంచే నా మొహం చూస్తూ నిలబడ్డాడు. కాగితం పోయింది అని చెప్పా. ఏమీ అనలేదు, పర్లేదు బ్రదర్ అని మళ్ళీ రాసిచ్చాడు. ఆ రోజే గేటు బయట నిలబడి ఫోన్ చేశా, అవతల ఆవిడ మాట్లాడలేకపోయింది, ఏడుపు ఒక్కటే వినిపించింది. రెండు వారాలు ఆ తల్లికి నా వల్ల ఆలస్యం అయింది. అప్పటినుంచి నోట్‌బుక్ వాడుతున్నా, చేయలేనిదానికి సరే అనట్లేదు.

కాబట్టి వస్తే స్థానిక సంఘం కింద రండి, ఫోటోల మాట ఎత్తకండి, ఖైదీ మొహం మన ఫేస్‌బుక్ కోసం కాదు. ఏ కేసులో వచ్చావు అని అడగకండి, వాళ్ళే చెబితే వినండి. మాట ఇవ్వకండి.

డబ్బు పంపాలనుకుంటే?

నాకు పంపొద్దు. మీ సంఘం ద్వారా, ఆ దేశంలో రిజిస్టర్ అయి, లెక్కలు చూపించే సంస్థకి పంపండి. పంపేముందు ఆ డబ్బు దేనికి ఖర్చు పెడతారు, లోపలివాళ్ళని అడిగి నిర్ణయించారా అని కనుక్కోండి. చాలాసార్లు మనం బైబిళ్ళు పంపాలనుకుంటాం, అక్కడ కావాల్సింది గజ్జి మందు, దుప్పట్లు, బోరు మోటారు రిపేరు.

తెలుగువాళ్ళకీ ఆఫ్రికా మిషన్‌కీ ఏమైనా పాత సంబంధం ఉందా?

ఉంది, గర్వంగా చెప్పుకోవచ్చు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారిని తెలుగు బాప్టిస్టులే తమ సొంత సొసైటీ ద్వారా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి పంపించారు. అక్కడ చెరకు తోటల్లో బాండ్ మీద పనిచేయడానికి వెళ్ళిన మన తెలుగు కూలీల మధ్య ఆయన సంఘాలు కట్టారు. తోట వదిలి వెళ్తే జైల్లో వేసే రోజులు అవి. అది జైలు పరిచర్య కాదు గానీ, కదలడానికి స్వేచ్ఛ లేని మనుషుల దగ్గరకి వెళ్ళి అక్కడే ఉండిపోవడం అనే పని మన పెద్దలు నూట ఇరవై ఏళ్ళ క్రితమే చేశారు.

విడుదలయ్యాక వాళ్ళ సంగతి ఏంటి?

చాలా సంఘాలు ఇక్కడే చేతులెత్తేస్తాయి. లోపల చప్పట్లు కొట్టి "బ్రదర్" అన్నవాళ్ళే బయట మందిరంలో పక్కన కూర్చుంటే పర్సు సర్దుకుంటారు. ఇంటివాళ్ళు పొలం అమ్మేసి ఉంటారు, భార్య వేరే కాపురం పెట్టుకుని ఉంటుంది, ఊళ్ళో బాధితుడి కుటుంబం కోపంగా ఉంటుంది, కొన్నిచోట్ల ప్రాణానికే ప్రమాదం.

మా టీమ్ పద్ధతి ఏంటంటే, విడుదలకి నెల ముందు ఇద్దరు ఆ ఊరికి వెళ్తారు. ముందు బాధితుల ఇంటికి, తర్వాత ఊరి పెద్ద దగ్గరకి, ఆఖర్న సొంత ఇంటికి. ఈ వరస మారదు. బాధితులు వద్దంటే అతనికి వేరే ఊళ్ళో పని చూస్తాం, వాళ్ళని బతిమాలం.

పోయిన నెల వెళ్ళిన ఊళ్ళో మాటూకె, అంటే కూర అరటి తోట మధ్య ఒక ముసలాయన ఉన్నాడు. పదకొండేళ్ళ క్రితం గొడవలో ఆయన కొడుకు చనిపోయాడు, చంపినవాడు ఈ డిసెంబరులో బయటికి వస్తున్నాడు. ఆ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు, మాకు అరటిపండ్లు పెట్టాడు, తినమన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, వాడు నా గుమ్మం ముందునుంచి నడవకూడదు, వెనక దారి ఉంది, ఆ దారిన పొమ్మనండి అన్నాడు. శనివారం వెళ్ళి అదే చెప్పాం. అతను తల వంచుకుని, ఆ వెనక దారి నాకు తెలుసు, వర్షాకాలం బురదగా ఉంటుంది, పర్లేదు అన్నాడు. డిసెంబరులో అతనితో పాటు ఆ దారిన మేం ఇద్దరం నడుస్తాం.